సియుతాయా వేసిన నింద

మా దీవిలో సలేలొలోంగా ఊరి చర్చి పాటబృందంలో సియుతాయా మాటకు తిరుగుండేది కాదు. స్కూల్లో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఎవరి పెళ్ళిలో ఏ పాట పాడామో, ఎవరు ఏ చరణం దగ్గర తప్పారో అన్నీ ఆమెకు కంఠతా ఉండేవి. పద్నాలుగేళ్ళుగా మేం పాడిన పాటల్నీ, మాకు పాట నేర్పిన తుయిలాంగి మాస్టారి గొంతునీ రికార్డు చేసి, అరచేతిలో పట్టే హార్డ్ డిస్కులో దాచింది ఆమే.

మాస్టారు పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. సంస్మరణ ఆదివారం నాడు ఆయన గొంతు అందరికీ వినిపించాలనుకున్నాం. దానికి మూడు వారాల ముందు, మహిళా సంఘం సమావేశంలో సియుతాయా ఆ డిస్కును ల్యాప్‌టాప్‌కి తగిలించింది. డిస్కు మీద చిన్న దీపం వెలిగింది. తెర మీద మాత్రం ఏమీ రాలేదు. ఊడదీసి పక్క రంధ్రంలో పెట్టింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసింది. పాస్టరుగారి కంప్యూటర్ తెప్పించి అందులోనూ పెట్టి చూసింది. అదే తంతు. దీపం వెలుగుతుంది, డిస్కు కనబడదు.

"మొన్న దాన్ని పెసమీనోకి ఇచ్చావు కదూ?" అని ఎవరో అడిగారు.

ఇచ్చింది. పెసమీనోది రేవు దగ్గర ఫోన్లూ కంప్యూటర్లూ బాగుచేసే కొట్టు. నాలుగు పాటలు తన ఫోన్‌లోకి ఎక్కించమని రెండు వారాల కిందట అతనికే ఇచ్చింది. ఒకప్పుడు అతనూ బృందంలో పాడేవాడు. నాలుగేళ్ళ కిందట మాస్టారు అందరి ముందూ "నువ్వు పాడొద్దులే, ఊరికే నోరు కదుపు" అన్నారు. ఆ రోజు వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు.

"ఇంకేముంది! ఆ మాట ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నాడు. చచ్చిపోయినాయన గొంతు తుడిచేసి కసి తీర్చుకున్నాడు" అంది సియుతాయా.

పెసమీనో భార్య ఫువతినో కూడా మా బృందంలోనే పాడేది. అక్కడే ఉంది, కప్పుల్లో కోకో పోస్తోంది. జగ్గు బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఎవరమూ ఆపలేదు. నేనూ ఆపలేదు.

మర్నాడు సియుతాయా పెసమీనో కొట్టుకే వెళ్ళి, పాటలు తుడిచేశావని నిలదీసింది.

"దీపం వెలుగుతోందా అక్కా? ఏ వైరుతో పెట్టావు?" అని అడిగాడు పెసమీనో.

"వైరూ గియిరూ అని మాట మార్చకు."

"మార్చడం కాదక్కా. డిస్కు ఇటియ్యి, చూస్తాను."

"మళ్ళీ నీ చేతికా? ఒకసారి ఇచ్చినందుకు తగిన శాస్తి అయింది."

కొట్టు ముందు బస్సు కోసం నిలబడ్డ వాళ్ళంతా విన్నారు. ఆ వారంలోనే సగం ఊరు తమ ఫోన్లు ఇంకో చోటికి పట్టుకెళ్ళడం మొదలుపెట్టింది.

తర్వాతి సోమవారం సియుతాయా పడవెక్కి, అవతలి దీవిలోని పట్నం ఆపియా వెళ్ళింది. అక్కడి కొట్టులో పనిచేసే అమ్మాయి డిస్కు చూసింది, దానికి తగిలించిన వైరు చూసింది. వైరు తీసి పక్కన పడేసి, సొరుగులోంచి ఇంకోటి తగిలించింది. తెర నిండా పాటల పేర్లు.

"ఇది ఫోన్ చార్జింగుకి పెట్టుకునే వైరు ఆంటీ. ఇందులో కరెంటు తప్ప ఇంకేమీ వెళ్ళదు. అందుకే దీపం వెలిగింది" అని నవ్వింది.

సియుతాయాకు అప్పుడు గుర్తొచ్చింది. డిస్కు వైరు ఇంట్లో ఫోనుకి తగిలించి ఉంది. రెండూ ఒక్కలాగే ఉంటే, చేతికందింది సంచిలో పడేసుకున్నది తనే. పెసమీనో మొదట అడిగిన ప్రశ్న అదే.

తిరుగు పడవలో గంటన్నర సేపు, రేవులో దిగగానే నేరుగా అతని కొట్టుకే వెళ్ళాలని అనుకుందట. రేవులో నేనూ ఇంకో ఇద్దరూ ఎదురుపడ్డాం. "ఏమైంది? ఉన్నాయా పాటలు?" అని ఆత్రంగా అడిగాం.

"ఉన్నాయి. ఆపియావాళ్ళు బాగుచేశారు" అంది.

అంతే అంది. బాగుచేశారంటే ఎవరో పాడుచేశారనేగా! అది మా అందరికీ అలాగే అర్థమైంది. మాకలా అర్థమైందని ఆమెకీ తెలుసు. కొట్టు ముందు నుంచే ఇంటికి నడిచింది, తలెత్తకుండా.

సంస్మరణ ఆదివారం చర్చిలో మాస్టారి గొంతు వినిపించాం. దగ్గుతూ, "మళ్ళీ మొదట్నుంచీ" అని మమ్మల్ని గదమాయిస్తున్న గొంతు. ఏడవని వాళ్ళు లేరు. మాస్టారి భార్య లేచి వచ్చి సియుతాయా రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు లేకపోతే ఈ గొంతు మాకు దక్కేది కాదమ్మా" అంది.

సియుతాయా చేతులు విడిపించుకుంది. అందరి వైపూ తిరిగింది.

"దీన్ని ఎవరూ పాడుచెయ్యలేదు. నేను వేరే వైరు పెట్టాను. పెసమీనో మొదటి రోజే అడిగాడు, నేను వినలేదు. ఆపియాలో నిజం తెలిశాక కూడా దాచాను. రెండు వారాలు దాచాను" అంది. ఆమె మాటను పట్టుకుని ఊరంతా మోసిన వాళ్ళం మేమే కదా.

ఆ మధ్యాహ్నం భోజనానికి కూర్చోకుండా ఆమె పెసమీనో ఇంటికి వెళ్ళింది. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను. గడపలో చాప మీద తల వంచుకు కూర్చుంది. పెసమీనో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"మాస్టారు నన్ను తిట్టిన మాట నిజమే. నేను అపస్వరం పాడిన మాటా నిజమే. కానీ ఆయన గొంతు తుడిచేస్తానని ఎలా అనుకున్నావక్కా? చిన్నప్పుడు నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే" అన్నాడు.

"అనుకున్నాను తమ్ముడూ. నాకు సిగ్గుగా ఉంది."

"సరేలే. నేను వదిలేశాను. ఫువతినో సంగతి మాత్రం నన్నడక్కు."

ఫువతినో లోపల్నుంచే అంది: "క్షమించాను వదినా. భోంచేసి వెళ్ళండి. పాటకి మాత్రం రాను."

మాకు చేమదుంపలూ చేపా పెట్టింది. తాను మాతో కూర్చోలేదు.

కొట్టుకి జనం మళ్ళీ రావడానికి రెండు నెలలు పట్టింది. డిస్కు ఇకనుంచి పెసమీనో దగ్గరే ఉంచుదామని సంఘం అడిగితే, "వద్దు. రేపు ఏమైనా అయితే మళ్ళీ నా మీదికే వస్తుంది" అని దణ్ణం పెట్టేశాడు. ఫువతినో అక్టోబరులో, చర్చిలో పిల్లల పండుగ చేసే ఆదివారం నాటికి బృందంలోకి తిరిగి వచ్చింది. పూర్వం సియుతాయా పక్కనే నిలబడేది. ఇప్పుడు వరసలో ఆ చివర నిలబడుతుంది. ఎదురైతే పలకరిస్తుంది, అంతే.

"ఫువతినోతో ఒకసారి మాట్లాడి చూడకపోయావా?" అని ఒకసారి సియుతాయాను అడిగాను.

"నాకు ఆ మాత్రం శాస్తి జరగాల్సిందే" అంది.