పోచమ్మ ముంగట అన్న మాట

ఇప్పటికి చాలామందిని అడిగాను, ఎవరూ జవాబు చెప్పలేదు. లేదని చెప్పినా ఊరుకునేవాణ్ణి. ఆ ముక్క కూడా ఎవరూ చెప్పలేదు. అందుకే అడగవలసింది పదిమందికీ వినబడేటట్టు ఇక్కడ అడుగుతున్నాను. అయితే దానికి ముందు ఒక వాసన గురించి చెప్పాలి. ఆషాఢంలో పెద్దవాన పడి వెలిసిన పొద్దున పుప్పాలగూడలో మా రేకుల ఇంటి ముందు నిలబడితే, ఎదురుగా ఉన్న కంపెనీ ప్రహరీ లోపలి నుంచి తడిసిన బండల వాసన వస్తుంది. లోపల తోటలో అందం కోసం మిగుల్చుకున్న గుండ్ల వాసన అది. వాటి చుట్టూ ఇప్పుడు కత్తిరించిన పచ్చగడ్డి ఉంది, పక్కన ఇంగ్లీషులో ఏదో రాసిన పలక ఉంది. వాటిలో ఒకటి మా ఏనుగు గుండు, ఇంకొకటి జారుడు గుండు అని ఆ పలక రాసినవాళ్ళు ఎవరినీ అడగలేదు.

ప్రహరీ లేనప్పుడు అక్కడ గుట్ట ఉండేది. అది ఎవరి పట్టా భూమీ కాదు కాబట్టి అందరిదీ అనుకునేవాళ్ళం. మా నాయనమ్మ మేకలు పొద్దస్తమానం దాని మీదే మేసేవి, నేను బడి లేనప్పుడల్లా వాటి వెనక తిరిగేవాణ్ణి. ఎండాకాలం గుండ్లు ఎంత కాలేవంటే, పొద్దు గూకి చాలాసేపైనా వీపు ఆనిస్తే వేడి తగిలేది, ఆ వేడికి మేకల వాసనా, ఎండిన తంగేడు ఆకుల వాసనా ఇంకా చిక్కగా లేచేవి. తొలకరికి గుండ్ల సందుల్లో నీళ్ళు నిలిచి, ఎర్రటి మఖమలు ముక్కల్లా ఆరుద్ర పురుగులు బయటికొస్తే వాటిని అగ్గిపెట్టెల్లో గడ్డిపోచలు పరిచి దాచుకునేవాళ్ళం. వానలు వెనకబట్టాక సీతాఫలాలు కన్ను విచ్చేవి, విచ్చేదాకా ఆగలేక పచ్చివే కోసుకొచ్చి ఎండు కంపల మంటలో కాల్చుకుని, మూతులు నల్లగా చేసుకుని, తియ్యగా లేకపోయినా తియ్యగా ఉన్నాయని ఒకరికొకరు చెప్పుకుంటూ తినేవాళ్ళం. చలికాలం పొద్దున్నే నాయనమ్మ జొన్నరొట్టెలో ఎల్లిపాయ కారం పెట్టి చుట్టి చేతికిచ్చేది, అది తినడం పూర్తయ్యేసరికి గుట్ట మీద ఎండ వచ్చేది. బిళ్ళంగోడును మేం చిర్రగోనె అంటాం, అది ఆడితే మాత్రం పెద్ద పిల్లలు నాకు ఎప్పుడూ కొట్టే వంతు ఇచ్చేవాళ్ళు కాదు, చిర్ర ఎక్కడో తుమ్మకంపలో పడితే వెతికి తెచ్చే పని నాది. వాళ్ళ పేర్లన్నీ నాకు గుర్తే. వాళ్ళ నాయనలకు పొలాలుండేవి, కాబట్టి వాళ్ళకు ఇప్పుడు ఫ్లాట్లున్నాయి. మాకు మేకలుండేవి, కాబట్టి ఇప్పుడు ఏమీ లేదు.

నేను చిన్న బడిలో ఉండగానే గుట్టను కంపెనీకి ఇచ్చేశారు. ఎర్రజెండా పట్టుకుని ఒక మనిషి విజిల్ ఊదుకుంటూ వీధుల్లో తిరిగితే అందరం ఇళ్ళల్లోకి పోయి తలుపులు వేసుకునేవాళ్ళం, తర్వాత నేల కడుపులోంచి ఒక దెబ్బ వినబడేది, అరల మీది స్టీలు గిన్నెలన్నీ ఒక్కసారి మోగేవి, గాలి తెరిపినపడేసరికి పేలుడు మందు వాసన ఊరంతా పట్టుకునేది. నాయనమ్మ మేకలు ఆ చప్పుడుకి బెదిరి పాలు తగ్గించాయని చెప్పుకోవడానికి మండలాఫీసుకి పోతే, అక్కడ కూర్చున్నాయన తల ఎత్తకుండానే "రేపు రా" అన్నాడు. ఆమె చేయి పట్టుకుని పక్కన నిలబడ్డది నేనే. ఆ రేపు ఇంకా రాలేదు.

గుట్ట పోయినా పోచమ్మ పోలేదు. రెండు గుండ్ల మధ్య, వేపచెట్టు కింద, పసుపు పూసి కుంకుమ పెట్టిన చిన్న రాయి ఆమె. దాన్ని కదిలించమంటే మిషన్ నడిపేవాడు తాళం చెవి తీసి అక్కడ పెట్టి దండం పెట్టి పోయాడని చెప్పుకున్నారు. చివరికి ఊరిపెద్దలూ కంపెనీవాళ్ళూ కూర్చుని, పోచమ్మ లోపలే ఉంటుంది, ఊరు బయట ఉంటుంది, ఏడాదికి ఒక్కరోజు, బోనాలనాడు, గేటు తెరుస్తారు అని ఒప్పుకున్నారు.

ఆ ఒక్కరోజు కోసం మా ఇంట్లో వారం ముందు నుంచే హడావుడి. నాయనమ్మ ఇత్తడి బిందెను చింతపండుతో తోమి ఎండలో పెడితే దానిలో నా ముఖం అడ్డంగా సాగి కనబడేది. ఆదివారం పొద్దున తలంటుకుని, తడి వెంట్రుకలు ముడి వేసుకుని, కొత్తబియ్యం వండి, బెల్లమూ పెరుగూ కలిపి బోనంలో పెట్టి, చుట్టూ పసుపు రాసి, సున్నం బొట్లూ కుంకుమ బొట్లూ పెట్టి, వేపమండలు కట్టి, పైన దీపం వెలిగించేది. డప్పులు ముందు, పోతరాజు వాటి వెనక, బోనాలెత్తిన ఆడవాళ్ళు ఆ వెనక, మేము పిల్లలం ఎక్కడ పడితే అక్కడ, అట్లా ఊరంతా కదిలి గేటు దాకా పోయేది. గేటు దగ్గర డప్పులు ఆగిపోయేవి. ఆదివారమైనా లోపల ఎవరో అమెరికా వాళ్ళతో మాట్లాడుతుంటారు, చప్పుడు చేయవద్దన్నారు. డప్పులవాళ్ళు రోడ్డవతల నీడకు కూర్చుని బీడీలు ముట్టించుకునేవాళ్ళు, మేము మాత్రం ఎవరో పోయినప్పుడు నడిచినట్టు మాటా పలుకూ లేకుండా లోపలికి నడిచేవాళ్ళం. అంతకు ముందు అందరికీ విజిటర్ స్టిక్కర్లు అంటించాలి. పోతరాజు ఒంటినిండా పసుపూ నూనే కాబట్టి అతనికి స్టిక్కరు అంటేది కాదు, చివరికి కొరడా పిడికి అంటించేవాళ్ళు. మట్టి బోనాలు మాట్లాడకుండా పోయేవి, ఇత్తడి బోనం మెటల్ డిటెక్టరు తలుపు దాటగానే అది కూసేది, గార్డు చేతికర్ర లాంటి మిషనుతో నాయనమ్మ తలమీది దీపం చుట్టూ తడిమేవాడు.

"అమ్మవారికి అన్నం తీస్కపోతున్న బిడ్డా, బాంబు కాదు," అనేది నాయనమ్మ.

"నాకెరుకే అవ్వా, మావోళ్ళు గూడ బోనం చేస్తరు. గీ మిషన్‌కు ఎరుక లేదు," అనేవాడు గార్డు.

లోపల మాకు ఎదురొచ్చి తీసుకెళ్ళే మనిషి ఒకాయన ఉండేవాడు. తెల్లచొక్కా, మెడలో నీలం పట్టీ, కోస్తా మాట. ఆయన చేయి ఎత్తితేనే గేటు తెరుచుకునేది, చేయి దించితే మూసుకునేది. అందుకని ఊరంతా ఆయన్ను గేటు సారు అనేది. అంత పెద్ద గేటు ఎవరి చేతికి లొంగుతుందో ఆ కంపెనీ అంతా ఆయనదే అని మా ఇంట్లో అందరూ నమ్మారు. మా నాయన నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు, లోకం చూసిన మనిషి, ఆయనా అదే నమ్మాడు. గేటు సారు చెప్పులు విప్పి, దండం పెట్టి, వేపాకు వేసిన పసుపునీళ్ళ సాక పోసేదాకా మాతోనే నిలబడేవాడు, తర్వాత పిల్లలకు బిస్కెట్లు పంచేవాడు. ఒక ఏడు అందరికీ క్రీము బిస్కెట్లు వచ్చి, నా దగ్గరికి వచ్చేసరికి అయిపోయి, నాకు ఉత్తవి ఇచ్చారు. ఆయన కావాలని చేయలేదని తెలుసు. అయినా గుర్తుంది.

ఆ ఏడే అనుకుంటాను, నా ముఖం చూసి నాయనమ్మ నన్ను ముందుకు తోసింది.

"సారూ, మా మల్లేశు మంచిగ సదువుతడు. గీడ నౌకరి ఇస్తవా పెద్దగైనంక?"

"ఎందుకివ్వమమ్మా, తప్పకుండా ఇస్తాం! బాగా చదువుకోమనండి. ఇంటి పక్కనే ఉద్యోగం. ఏం బాబూ, ఇక్కడే చేస్తావుగా?"

నేను చేస్తానన్నాను. పోచమ్మ ముంగట, దీపాలు వెలుగుతుండగా, ఊరు వింటుండగా జరిగిన మాట. ఆ తర్వాత ఏటేటా నాయనమ్మ అదే అడగడం, ఆయన అదే చెప్పడం, బోనంలో భాగమైపోయింది.

మా ఇంట్లో ఆ మాట మీదే అన్నీ నడిచాయి. పదో తరగతి కాగానే జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో పనిచేసే మా మేనమామ వచ్చి, ఐటీఐ చేయిస్తే తన దగ్గరే పెట్టిస్తానన్నాడు. నాయనమ్మ వినలేదు. "పిలగానికి నౌకరి ఖాయమైంది, నువ్ ఫికర్ చెయ్యకు," అని పంపించేసింది. మామ గడప దిగుతూ, "గేటు తీసెటోడు మాటిచ్చిండంట!" అని నవ్వాడు. ఆ నవ్వు కూడా నా దగ్గర భద్రంగా ఉంది. నేను ఇంటరు చదివి, ఊరికి దూరంగా బస్సు రెండుసార్లు మారితే వచ్చే కాలేజీలో కంప్యూటర్ ఇంజినీరింగ్ చదివాను. చేరేటప్పుడు గోడలనిండా కంపెనీల బొమ్మలుండేవి, చివరి ఏడాది ఒక్క కంపెనీ రాలేదు. ఎందుకు రాలేదని అడిగితే ప్లేస్‌మెంట్ సారు, "మార్కెట్ బాలేదయ్యా," అని ఫోను వైపు తిరిగాడు.

తర్వాతి సంగతి ఈ చుట్టుపక్కల కిరాయి గదుల్లో ఉన్న ఎవరినడిగినా చెబుతారు. అనుభవం ఉందా అంటారు, అనుభవం కోసమే వచ్చామంటే ఫ్రెషర్లను తీసుకోవడం లేదంటారు. కొన్నాళ్ళు పోయాక మళ్ళీ పోతే మధ్యలో గ్యాప్ ఎందుకొచ్చిందంటారు. లోపల తెలిసినవాళ్ళున్నారా అంటారు. లోపల నాకు పోచమ్మ తెలుసు, గుండ్లు తెలుసు, వాటి పేర్లు చెబితే పనికిరావు.

కిందటి చలికాలంలో ఆ కంపెనీ నుంచే ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఆ నేల మీద నేను బూట్లు వేసుకుని నడవడం అదే మొదటిసారి. ప్రశ్నలు అడిగినామె మర్యాదగానే మాట్లాడింది. తెలిసినవి చెప్పాను, తెలియనివి తెలియవన్నాను. చివర్లో, "ఎంత దూరం నుంచి రావాలి మీరు?" అని అడిగితే కిటికీలోంచి మా రేకుల ఇల్లు చూపించాను. ఆమె నవ్వి, "అయితే మీరు లేటుగా వచ్చే ఛాన్సే లేదు," అంది. అలా అన్నదంటే తీసుకున్నట్టే అని ఇంట్లో చెప్పాను. "మెయిల్ పంపిస్తాం, వెయిట్ చేయండి," అని కూడా అంది. వెయిట్ చేస్తున్నాను. మెయిలు నేను రాస్తే, ఈ అడ్రసుకు జవాబు రాయవద్దు అని మెషీను తిరిగి రాసింది. రిసెప్షన్‌కి పోతే అపాయింట్‌మెంట్ కావాలన్నారు. అపాయింట్‌మెంట్ ఎవరిస్తారంటే మెయిల్ రాయమన్నారు.

ఈసారి బోనాలకు నాయనమ్మ బిందె ఎత్తలేకపోయింది. మా అమ్మ ఎత్తుకుంది, నాయనమ్మ నా భుజం పట్టుకుని నడిచింది. గేటు సారు జుట్టు పూర్తిగా తెల్లబడింది. సాక పోయడం అయ్యాక ఆమె ఎప్పటిలాగే అడిగింది, కానీ ఈసారి మాట మారింది.

"సారూ, మా మల్లేశు సదువైపోయింది. ఇంటర్వ్యూ గూడ అయింది. ఇగ ఎప్పుడు రమ్మంటవ్?"

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. గుర్తుపట్టాడో లేదో తెలియలేదు.

"అమ్మా, ఉద్యోగాలిచ్చేది నేను కాదండి. నేను గేట్లు, తోట, క్యాంటీను చూసుకుంటాను. అంతే."

"మరి అన్నేండ్లు ఇస్తనంటివి?"

"పిల్లాడు ముద్దుగా ఉన్నాడని అన్నానమ్మా. పిల్లలతో అలా అంటాం కదండీ."

"పోచమ్మ ముంగట ముద్దుకు మాట్లాడుతరా సారూ?"

ఆయన వంగి చెప్పులు తొడుక్కున్నాడు. లోపల కనుక్కుంటానన్నాడు. అప్పటి నుంచి ఆయన కూడా నాకు జవాబు బాకీ ఉన్నవాళ్ళలో చేరాడు. ఆయన మీద నాకు కోపం లేదు, ఆ కంపెనీవాళ్ళలో చెప్పులు విప్పింది ఆయనొక్కడే. కానీ బయటికొచ్చి డప్పులు మళ్ళీ మొదలైనప్పుడు మా నాయనమ్మ నా భుజం మీది చేయి తీసేసి, కంపెనీ గోడ పట్టుకుని నడిచింది.

ఇప్పుడు గుట్ట లేదు, మేకలు లేవు, అగ్గిపెట్టెలో పెట్టుకోవడానికి ఆరుద్ర పురుగు ఎక్కడా కనబడదు. సీతాఫలాలు బండి మీద కొనుక్కుంటాం, వాటిని కాల్చుకు తినేవాళ్ళమని చెబితే పక్కింటి పిల్లలు నమ్మరు. మా మామ ఆ పాత నవ్వు నవ్వకుండానే మళ్ళీ వచ్చాడు. తన ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్లో చోటుంది, నెలాఖరులోపు చేరాలంటున్నాడు. నేను పోవడానికి సిద్ధమే, పనిని చిన్నచూపు చూసేంత చదువు నేను చదవలేదు. నాయనమ్మే ఒప్పుకోవడం లేదు. "వాళ్ళు లేదనలే కదరా. ఇక్కడ నీ జాగ ఖాళీగ పెట్టుకోని సూస్తుంటే, నువ్ అటు పోతే మాట తప్పినోళ్ళం మనమే అయితం," అంటుంది. గేటు సారు మాట తప్పినా, ఇంటర్వ్యూ మాట ఇంకా నిలిచే ఉందని ఆమె లెక్క. ఆమెకు నేను ఎదురుచెప్పలేను. నిజం చెప్పాలంటే, నాలో మొండితనం వచ్చిందే ఆమె దగ్గర్నుంచి.

కాబట్టి కిందటి చలికాలంలో కిటికీలోంచి మా ఇల్లు చూసి నవ్విన మేడమ్ గారూ, మిమ్మల్నే అడుగుతున్నాను. మీరు వేరే కంపెనీకి వెళ్ళిపోతే మీ కుర్చీలో కూర్చున్నవాళ్ళను అడుగుతున్నాను. నన్ను తీసుకోమని కాదు. తీసుకుంటారా లేదా, ఒక్క ముక్క రాయండి. ఇంగ్లీషులో రాసినా పరవాలేదు, మా నాయనమ్మకు నేను తెలుగులో చదివి వినిపిస్తాను. లేదనే రాయండి, కానీ రాయండి. నెలాఖరు దగ్గర పడుతోంది.