మామిడి కంటితో కాఫీ తోట

మా పక్క పిల్లనిచ్చే ముందు ఇంటి పెద్ద ఒకడు పోయి అవతలివాళ్ళ చేను చూసి వస్తాడు. వడ్డించిన విస్తరి అబద్ధం చెప్పొచ్చు గానీ చేను చెప్పలేదని మా నమ్మకం. తొంభైల చివర్లో మా చెల్లెలి కూతురికి ఏర్కాడు కొండ మీదనుంచి సంబంధం వచ్చింది. సత్యవేడు దగ్గరనుంచి ఎప్పుడో పోయి, అక్కడ కాఫీ తోట పెట్టుకున్న కుటుంబం. చూసి రావడానికి నన్నే పంపారు. చిత్తూరు చుట్టుపక్కల తోటల సంగతి నాకంటే తెలిసినవాడు లేడు మరి. ఆ మాట అన్నది నేనే. మా బావకు మోకాళ్ళు పట్టేశాయి, ఇంట్లో ఇంకో మగదిక్కు లేదు. అసలు కారణం అదీ.

బయలుదేరేటప్పుడు మా చెల్లెలు గడపలో నిలబడి నన్ను ఎగాదిగా చూసింది.

"అన్నా, ఉండేది ఉన్నట్టు చెప్పల్ల. నీ కొడుక్కి చేసుకోవాలని ఆడ లేని లొసుగులు పుట్టించబాకు."

"ఛీ! నా నోట్లో అబద్ధం వస్తాదా?"

"ఇంకేమొస్తాదన్నా?"

ఆమె అనుమానంలో తప్పు లేదు. మేనమామను, మా పెద్దవాడు పెళ్ళికి ఉన్నాడు, ఆ పిల్ల మా ఇంటికి వస్తే బాగుండునని నాకూ లోపల ఉండేది.

కొండ ఎక్కేటప్పుడు వంద మలుపులు లెక్కపెట్టానని ఊళ్ళో చెప్పాను. లెక్కపెట్టలేదు. సగం దారి నిద్ర, మిగతా సగం కళ్ళు మూసుకుని దేవుడికి దండం.

తోటలో అడుగు పెట్టగానే నా మనసు కీడు శంకించింది. పైన ఆకాశమే కనపడదు. సిల్వర్ ఓక్‌లు, పనస చెట్లు, వాటికి ఎగబాకిన మిరియాల తీగలు, వాటన్నిటి అడుగున కాఫీ మొక్కలు. మా మామిడి తోటల్లో కొమ్మలు ఒకదానికొకటి అల్లుకుని ఎండ దిగకపోతే తేనెమంచు పురుగు చేరుతుంది. పూత మాడుతుంది, ఆకులు జిగటపట్టి మసిబారుతాయి. ఎండ నేలకు దిగని తోట సోమరివాడి తోట అని మా నాయన అనేవాడు. అదే కంటితో ఇక్కడ చూశాను. వీళ్ళకు కత్తి పట్టడం రాదా? లేక ఈ చీకట్లో ఏదన్నా దాస్తున్నారా?

పెళ్ళికొడుకు తండ్రి నన్ను నీడలోనే తిప్పుతున్నాడు. తూర్పున దూరంగా ఒక మడి మాత్రం ఎండలో మెరుస్తోంది. నా కాళ్ళు అటు తిరిగినప్పుడల్లా ఆయన భుజం పట్టి ఇటు తిప్పాడు.

"ఆ పక్క వద్దన్నా. జెలగలు."

ఎండ కాసే చోట జలగలేమిటి? ఆ మంచి మడి వేరేవాళ్ళదై ఉంటుంది, వీళ్ళది ఈ అడవి మాత్రమే అనుకున్నాను. మధ్యాహ్నం భోజనంలో రెండు పాయసాలు పెట్టారు. నా అనుమానం రెట్టింపయింది.

తిన్నాక ఆయన కునుకు తీస్తుంటే మెల్లగా లేచి తూర్పు మడికి నడిచాను. దూరానికి ఎంత అందంగా ఉందో దగ్గరికి అంత దిగులుగా ఉంది. ఆకులు పసుపు పచ్చగా వేలాడుతున్నాయి. ఒక మొక్కను పట్టుకుని ఊపితే నడుం దగ్గర పుటుక్కున విరిగి చేతికొచ్చింది. లోపలంతా సొరంగాలు, వాటి నిండా కొయ్యపొట్టు. ఆ పొట్టులో తెల్లటి పురుగు కదిలింది. వేలెడంత ఉందని తర్వాత చెప్పాను. వేలిగోరు కంటే కొంచెం పెద్దది, అంతే.

మడి గట్టున, నీడ మొదలయ్యే చోట, ఒక కుర్రవాడు ఎడమ చేతికి గుడ్డ చుట్టుకుని, కుడి చేత్తో కొబ్బరి పీచు పట్టి మొక్కల మొదళ్ళను గుర్రానికి మాలీషు చేసినట్టు రుద్దుతున్నాడు. పెళ్ళికొడుకు అతనే. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఈలోగా తండ్రి పంచె సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"జెలగలు యాడన్నా?" అన్నాను.

ఆయన మొహం వాలిపోయింది. "నేనే చేసినానన్నా. ఇంటి పైకప్పుకని ఈడ నీడ చెట్లన్నీ నరికించినా. వద్దు నాయనా అని వీడు కాళ్ళావేళ్ళా పడినాడు. నేను ఇన్లా. ఎండ తగిలి మాను వెచ్చనయితే పెంకు పురుగు వస్తాది. బెరడు నెర్రెల్లో గుడ్లు పెడతాది. పిల్ల పురుగు లోపలికి తొలుచుకొని పోతాది. నీడలో ఉండే మాను దానికి గిట్టదు. అందుకే వీడు గట్టున ఉండేవాటికి బెరడు రుద్ది నున్నగా చేస్తాండాడు, గుడ్లు పెట్టేకి సందు లేకుండా."

"అయితే ఇంకా చీకటి చేసేయండి."

"చీకటెక్కువైతే కాయ తొలిచే పురుగు దిగతాదన్నా. రాలిన కాయ ఏరకుంటే ఇంక చెప్పే పనే లేదు. ఎండా నీడా కలిసి పడల్ల."

మా నాయన మాట కొండ కింద నిజం, కొండ మీద కాదు. నేను సోమరితనం అనుకున్న నీడే ఆ తోట ప్రాణం. నన్ను మురిపించిన ఎండే దాని చావు.

దిగేటప్పుడు బస్సులో మరో చిక్కు తోచింది. ఎండిన మడి సంగతి చెబితే, కొడుకు కోసం సంబంధం చెడగొట్టానంటుంది చెల్లెలు. చెప్పకపోతే రేపు ఆ పిల్ల వచ్చి నన్ను అడుగుతుంది. నా మాట ఎవరూ నమ్మరని తెలుసు కాబట్టి, విరిగిన మొక్కను తువ్వాలులో చుట్టి తెచ్చాను.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒక్క పురుగునే కాస్త పెంచాను. చెల్లెలు నడుం మీద చెయ్యి వేసుకుంది.

"నేను అనుకుంటానే ఉండా. ఎండిన తోట, తొలిచే పురుగు! కొడుక్కి మంచి దోవే ఏసినావు గదన్నా!"

తువ్వాలు విప్పి మొక్కను నేలకేసి కొట్టాను. పురుగు బయట పడింది. మా చెల్లెలు కేక పెట్టింది. ఎక్కడనుంచో కోడి వచ్చి దాన్ని గుటుక్కున మింగి పోయింది. నా సాక్ష్యం అట్లా అయిపోయింది.

తలుపు వెనకనుంచి మేనకోడలు వచ్చింది. ఖాళీ సొరంగంలో వేలు పెట్టి చూసింది.

"మామా, చెట్లు నరికింది ఆయప్పేనా?"

"లేదమ్మా, వాళ్ళ నాయన. ఆయప్ప వద్దన్నాడంట."

"పీచు పెట్టి రుద్దినాడన్నావే. చేతులు బొబ్బలెక్కల్ల గదా. సూసినావా, నువ్వే అల్లినావా?"

"బొబ్బలు సూళ్ళేదు. ఎడం చేతికి గుడ్డ చుట్టుకోనుండాడు. రుద్దేది మాత్రం కుడి చేత్తో."

ఆమె మొక్కను గోడకు ఆనించింది. "అయితే ఎడం చెయ్యి బొబ్బలెక్కింది. చేతులు మార్చుకుంటాండాడు," అంది. "మ్మా, వాళ్ళను సూసేకి రమ్మని చెప్పు."

మా పెద్దవాడు ఆ మాట విని హాయిగా నిద్రపోయాడు. వాడికి ఆ పిల్లంటే చిన్నప్పటినుంచీ భయం.

చెల్లెలు మాత్రం నన్ను వదల్లేదు. "మొత్తం ఎన్నెకరాలన్నా?"

"నాలుగు. ఎండింది పోను మూడు."

"నువ్వు మూడంటే ఒకటిన్నర," అని సగం కోసేసి, ఊళ్ళో అందరికీ అదే చెప్పింది. పెళ్ళికి కొండెక్కిన మా వాళ్ళంతా చూసి, అబ్బో, ఇంత పెద్ద తోటా అన్నారు.