లేని ఆఫీసు కోసం చేయించిన ప్రార్థనలు

సహోదరులారా, సహోదరీలారా, ఈ సంగతి రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాయమని దేవుడు చాలా కాలంగా నన్ను లోపల పొడుస్తున్నాడు కాబట్టి రాస్తున్నాను. నేను బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీ తనిఖీ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి, కొండాపూర్‌లోని మన సంఘంలో పెద్దను, పడుకునేముందు డైరీ రాయనిదే నిద్రపట్టని మనిషిని, కొలత వెంట్రుకవాసి తప్పినా ఆ వస్తువును పక్కన పెట్టేసినవాణ్ణి, అలాంటి నేను రెండేళ్ళకు పైగా దేవుని మందిరంలో నిలబడి అబద్ధం చెప్పాను, పైగా ఆ అబద్ధం కోసం మీ అందరి చేతా ప్రార్థన చేయించాను!

మా అమ్మాయి షారోన్ ఇంజనీరింగ్ చదివి హైటెక్ సిటీలో ఉద్యోగంలో చేరినప్పుడు నేనెంత పొంగిపోయానో మీలో చాలామందికి తెలుసు. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు మన యువకులు ఆఫీసుల నుంచి తిన్నగా వచ్చేవారు, మెడలో కంపెనీ ట్యాగులు అలాగే వేలాడుతుండేవి, వాటి మధ్య మా పిల్ల ట్యాగు కూడా కనబడితే నాకు ఎక్కడలేని గర్వం వచ్చేది. ఏడాది తిరక్కుండానే ఆమె ఆ ఉద్యోగం మానేసి, తనకిష్టమైన ఫొటోగ్రఫీ నేర్చుకుని, సింగపూర్ నుంచి బయలుదేరే ఒక విహార నౌకలో ఫొటోగ్రాఫరుగా కుదిరింది. ఓడ ఎక్కే ప్రయాణికులకు, విందుకు కూర్చున్న కుటుంబాలకు ఫొటోలు తీయడం, వాటిని ప్రింటు వేసి గోడకు పెట్టి అమ్మడం ఆమె పని. రేవులో ఓడ ఆగినప్పుడు ఫొటోగ్రాఫర్లలో ఒకరు డాల్ఫిన్ వేషం వేసుకుని ప్రయాణికుల పక్కన నిలబడాలట. ఒకసారి షారోన్ ఆ వేషంలో, డాల్ఫిన్ తలను చంకలో పెట్టుకుని నవ్వుతున్న ఫొటో వాట్సాప్‌లో పంపింది. ఇంజనీరింగ్ చదివిన పిల్ల వేషం కట్టిందని నేను ఆ ఫొటోను నా ఫోనులో తీసేసి, నా భార్య విజయ వంటింట్లో ఉండగా ఆమె ఫోనులో కూడా తీసేశాను.

సంఘంలో అడిగినవాళ్ళకు, కంపెనీవాళ్ళే సింగపూర్ ఆఫీసుకు పంపారని చెప్పాను. ఒకరితో అన్నాక అందరితోనూ అదే అనాల్సి వచ్చింది. ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు ఊరుకుంటే అనుమానపడతారని, మా అమ్మాయి ప్రాజెక్టు సమయానికి పూర్తి కావాలని మనవి ఇచ్చాను, మీరు ప్రార్థించారు. మేనేజరు మనసు మెత్తబడాలని ఇచ్చాను, మన సంఘంలో అందరికంటే పెద్దావిడ నీలమ్మగారు ఉపవాసముండి ప్రార్థించారు. లేని మేనేజరు కోసం ఆ వయసులో ఆమె కడుపు మాడ్చుకున్నారు! విజయ ఆ ప్రార్థనల చివర ఆమేన్ అనడం మానేసింది. ఇంట్లో మోకరిస్తే నాకూ మాట పెగిలేది కాదు.

ఒక ఆదివారం ఆరాధనకు బయలుదేరుతుంటే షారోన్ ఫోన్ చేసింది. ఓడ నడిసముద్రంలో ఉంది, తనకు అపెండిక్స్ వాచిందని ఓడలోని డాక్టరు చెప్పాడట, ఆపరేషన్ అక్కడ కుదరదట, రేవు చేరేదాకా మందులతో ఆపాలి, ఈలోగా అది పగిలితే ప్రాణానికే ముప్పు. "చర్చిల చెప్పు డాడీ, అందర్ని ప్రార్థన చెయ్యమను" అంటుండగానే లైను తెగిపోయింది.

మందిరంలో లేచి నిలబడ్డాను. అప్పటికైనా నిజం చెప్పానా? సింగపూర్‌లో మా పిల్లకు ఒంట్లో బాగాలేదు, కడుపునొప్పి, ప్రార్థించండి అన్నాను! రాయదుర్గంలో పనిచేసే మన సునీల్ అప్పటికే ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

"ఏ హాస్పిటలండీ అంకుల్? మా టీమ్ వాళ్ళు అక్కడే ఉన్నారండి, ఇప్పుడే పంపిస్తాను. పేరు చెప్పండి చాలు."

ఒక్క క్షణం ఏదో ఒక ఆసుపత్రి పేరు కల్పిద్దామనుకున్నాను, దేవుడు నన్ను క్షమించుగాక. విజయ స్త్రీల వైపు నుంచి లేచి నా దగ్గరికి వచ్చింది.

"జర చెప్పుండ్రి. పిల్ల నీళ్ల మీద ఉన్నది. దానికి ప్రార్థన గూడ దక్కనియ్యరా?"

నేను అక్కడే మోకాళ్ళ మీద పడ్డాను. "ప్రభువా, నా బిడ్డ ఓడల ఫొటోలు తీస్తది, నేను సిగ్గుపడి ఇన్నొద్దులు అబద్ధమాడిన, నా పాపం నా బిడ్డ మీద పెట్టకు" అన్నాను, అంతకంటే ఏమీ రాలేదు. తలెత్తే ధైర్యం లేకపోయింది.

ముందుగా నీలమ్మగారి గొంతు వినబడింది. "ఆ మేనేజర్ ఏడున్నడో ఎతికి ఎతికి దేవుడు పరేషాన్ అయి ఉంటడు గద అన్నా! పోనీ, నేనున్న ఉపాసాలన్నీ పిల్లకే రాసుకొమ్మందాం." ఆ తల్లి నన్ను తిట్టినా అంత సిగ్గుపడేవాణ్ణి కాదు. ఆమె మోకరించింది, ఆమె వెనక అందరూ మోకరించారు, మొదటిసారి నా బిడ్డ పేరు, ఉన్న చోటు, ఉన్న కష్టం మన సంఘం నోట వినబడ్డాయి. అపెండిక్స్ పగలకముందే ఓడ రేవు చేరింది, ఆపరేషన్ అయింది, నా బిడ్డ బతికింది. దేవునికే మహిమ!

ఆమె ఇంటికి వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టుకుని జరిగినదంతా చెప్పాను. "నాకెర్కే డాడీ" అంది. "పోయినసారి వచ్చినప్పుడు చర్చిల సునీల్ వాళ్లు అడిగితే నేను గూడ సింగపూర్ ఆఫీసనే చెప్పిన, నీ తల దిగొద్దని." నా అబద్ధాన్ని మందిరంలో నా బిడ్డ నోటితో కూడా చెప్పించానన్నమాట. అబద్ధం నుంచి దేవుడు నన్ను విడిపించాడు, ఆ మాట విన్నప్పటి సిగ్గు మాత్రం ఇంకా ఉంది, తీసేయమని నేను అడగలేదు. పెద్దరికం వదిలేస్తానంటే పాస్టరుగారు కొన్నాళ్ళు వెనక బెంచీలో కూర్చుని వినమన్నారు, కూర్చుంటున్నాను.

సహోదరులారా, పదిమందిలో చెప్పుకోలేని సంగతి మీ ఇంట్లో ఏదైనా ఉంటే నాలాగా దానికి మంచి బట్టలు తొడిగి దేవుని ముందుకు తేకండి, ఉన్నదున్నట్టు తెచ్చి ఆయన్ను నమ్మండి, ఆయన తోసివేయడు, నన్నే తోసివేయలేదు. మా అమ్మాయి షారోన్ విహార నౌకలో ఫొటోగ్రాఫరు. వచ్చే వారం మళ్ళీ ఓడ ఎక్కుతోంది. ఆమె ప్రయాణాన్ని, ఆమె పనిని మీ ప్రార్థనల్లో జ్ఞాపకం చేసుకోండి.