వంటింటి లైటు

సిద్దిపేటలో ఇళ్లకు కరెంటు పనిచేసే జానీ పాషా మెత్తటి మనిషి. గోడకు రంధ్రం వేస్తే రాలిన దుమ్మును తన రుమాలుతోనే తుడుస్తాడు. రామేశ్వర్ ఇంట్లో లైట్లు ఇదివరకే ఫోన్‌తో వెలిగేవి. ఇప్పుడు ఒక్క నొక్కుతో ఇల్లంతా సినిమాహాలులా మసకబారాలన్నాడు. "వంటిల్లు గందుల కలపొద్దు సార్" అని పాషా చెప్పినా వినలేదు. సాయంత్రం పని కాగానే రామేశ్వర్ హాల్లో ఫోన్ నొక్కాడు. ఇల్లు మసకబారింది, వంటింట్లో లైటైతే పూర్తిగా ఆరిపోయింది. పూరీలు వేయిస్తున్న అతని భార్య సుగుణ చేతిమీద నూనె చిందింది.

"సూస్కోని జెయ్యరాదా?" అని భర్త ఆమెనే కసిరాడు.

తన చేత్తోనే కలిపినందుకు పాషాకు తనమీదా కోపమొచ్చింది. ఆమె చేతిని నల్లా నీళ్ల కింద పెట్టించి, వంటింటి తీగను పీకి, మామూలు స్విచ్ బిగించసాగాడు.

"తియ్యమని నేను చెప్పిన్నా?" అన్నాడు రామేశ్వర్.

"ఇది అక్క లైటు సార్. మీ ఫోన్ల ఉండదు" అన్నాడు పాషా, తల తిప్పకుండానే.