లాస్‌పేటలో మొండికేసిన మోటారు

పుదుచ్చేరి చేరేసరికి ఉదయం 5.40. తుపాను తీరం దాటింది, వాన మాత్రం ఆగలేదు. లాస్‌పేటలో ఒక కాలేజీ వరండాలో దిగాం. మిలిటరీ వాళ్ళం, మా పడవకు ముగ్గురం: హవల్దారు, రేడియో ఆపరేటరు, మోటారు చూసుకునే నేను. సామాను: గాలి నింపే రబ్బరు పడవ, నాలుగు తెడ్లు, తాళ్ళు, ఇంచుమించు నా వయసున్న మోటారు. మూడు రోజుల ఆర్డరు. పల్లపు వీధుల్లో చిక్కుకున్నవాళ్ళను మెరక మీదకు చేర్చాలి.

మా ఊళ్ళో అందరూ అడుగుతారు, యుద్ధం చూశావా అని. లేదు బాబూ. నేను చూసింది నీళ్ళు.

రెండో రోజు 10.15కి రేడియో పలికింది. "కిడ్నీ పేషెంటు. రెండుసార్లు డయాలసిస్ తప్పిపోయింది. గోరిమేడు ఆసుపత్రికి వెంటనే పోవాలి. అంబులెన్సు మెయిన్ రోడ్డు మీద ఉంటుంది."

ఆ వీధిలో నీళ్ళు ఛాతీ లోతు. పెద్దాయన మేడమెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ళు ఉబ్బిపోయాయి. మాటకూ మాటకూ మధ్య రొప్పుతున్నాడు. పక్కన భార్య. ఆయన్ను చూసి "అయ్యో దేవుడా" అనేశాను. ఆమె చటుక్కున తలెత్తింది.

"తెలుగోడివా తంబీ? యాడ మీది?"

"పీలేరు దగ్గరమ్మా."

"మేమూ ఇంట్లో తెలుగే. చదివేది రాసేది మాత్రం రాదు. ఆయన్ని మెల్లగా ఎక్కించు నాయనా."

వీధి మలుపు తిరగ్గానే మోటారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. 10.50. తాడు పదిసార్లు లాగాను. ఉలుకూ పలుకూ లేదు. నీటి ప్రవాహం మాకు ఎదురు. తెడ్లతో అయితే గంటన్నర. పెద్దాయనకు అంత టైము లేదని చూస్తేనే తెలుస్తోంది. హవల్దారు పడవను ఒక ఇంటి గేటుకు కట్టేశాడు.

"ఎంతసేపు?" అన్నాడు.

"పది నిమిషాలు, సాబ్." ఉత్త బడాయి. నాకేం తెలుసు?

పెట్రోలు ట్యూబు దూరంగా పెట్టాను. ప్లగ్గు విప్పి, ఇంజను ఇనుముకు ఆనించి, రవ్వ కనబడేలా టోపీ నీడ పట్టాను. హవల్దారు తాడు లాగాడు. నిప్పురవ్వ లేదు. కొత్త ప్లగ్గు వేశాను. లేదు. ఆపే స్విచ్చి వైరు పీకేశాను. తడిస్తే అదే ఒక్కోసారి మోటారు నోరు నొక్కేస్తుంది. అయినా లేదు. ఇక మిగిలింది ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్. అదురుకి దాని బోల్టులు వదులైపోయాయి. ఊడదీసి కింద చూశాను. ఆకుపచ్చ పెయింటు, నిగనిగలాడుతూ.

అది వేసింది నేనే. ఇన్‌స్పెక్షన్ అంటే ఫౌజులో రాళ్ళకు సున్నం, చెట్ల మొదళ్ళకు జేగురు పూస్తాం. ఆ ఊపులో కాయిల్ కూర్చునే చోట కూడా రెండు పూతలు కొట్టాను. అక్కడ ఇనుముకు ఇనుము తగలాలి. తగలకపోతే ఎర్త్ అందదు, రవ్వ పుట్టదు. ఇన్నాళ్ళూ బోల్టుల బిగువు మీదే నడిచింది. పైగా మోటారు భలే ఉందని ఆఫీసరు భుజం తట్టాడు. వెధవని.

"ఏంది నాయనా, అట్లే ఉండిపోయినావు?" అందామె.

"తప్పు నాదేనమ్మా. రంగు పూసి చెడగొట్టింది నేనే."

తిడుతుందనుకున్నాను. ఆమె భర్త తలను తన భుజం మీదకు లాక్కుంది. "సెరి. ఇప్పుడు గీకేసెయ్యి. మేము కదలకుండా ఉంటాము."

పెద్దాయన కళ్ళు తెరిచాడు. "తొందర... పడొద్దు," అన్నాడు. ఊపిరాడని మనిషి నాకు ధైర్యం చెప్తున్నాడు! ఏడుపొచ్చేసింది.

కత్తితో గీకాను, ఇనుము తెల్లగా తేలేదాకా. బోల్టులు బిగించాను. ప్లగ్గు కొసన నీలిరవ్వ టక్కుమంది. 11.12కి మోటారు అందుకుంది. 11.30కి మెయిన్ రోడ్డు చేరాం.

మూడో రోజు మధ్యాహ్నం రేడియో ఆపరేటరు నవ్వుతూ వచ్చాడు. "మీ పెద్దాయన లేచి కూర్చున్నాడట. కాఫీ ఇవ్వలేదని నర్సుతో గొడవట." నాలుగింటికి సామాను ఎత్తి వెనక్కి బయల్దేరాం. తర్వాత కొన్నేళ్ళు నౌకరీ చేసి ఇంటికొచ్చేశాను.

చాలా మరిచిపోయాను. మెయిన్ రోడ్డు మీద స్ట్రెచరు కోసం ఆగిన ఆ రెండు నిమిషాలు మాత్రం పోవు. ఆమె వంగి ఆయన తడి పాదాలను కొంగుతో తుడిచింది, ఒక్కో వేలి సందూ. అయ్యాక నా వైపు తిరిగింది. "చెయ్యి ఇటియ్యి తంబీ," అంది. గ్రీజుతో నల్లబడ్డ నా వేళ్ళను కూడా అదే కొంగుతో, అలాగే, ఒక్కొక్కటిగా తుడిచింది.