మందు అనే మాట

దీపావళి వెళ్ళగానే ఢిల్లీ మయూర్ విహార్‌లోని మా ఫ్లాటు కిటికీలన్నీ మూసేస్తాం. అయినా ఆ పాడు పొగ ఏ సందులోంచో దూరుతుంది, మా అమ్మాయి దగ్గు మొదలెడుతుంది, నేను సిరప్ సీసా మూత తిప్పుతాను. ఆ తియ్యటి ఘాటు వాసన తగలగానే మా నాన్న గుర్తొస్తాడు. తండ్రి అంటే ఎవరికైనా తలనూనె వాసనో, ఇస్త్రీ చొక్కా వాసనో గుర్తురావాలి. నా ఖర్మ, నాకు ఇది.

నాన్న సైన్యంలో లారీ డ్రైవరు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఢిల్లీ కంటోన్మెంటు క్వార్టర్లలో కాపురం పెట్టాడు. అప్పటి చలికాలాలు ఎలా ఉండేవనుకున్నారు! పొద్దున పంపు నీళ్ళు వేళ్ళని కొరికేసేవి, రజాయిలోంచి కాలు బయట పెట్టాలంటే ఏడుపొచ్చేది, సాయంత్రమైతే వాకిట్లో బొగ్గుల కుంపటి చుట్టూ చేరి, వేయించిన పల్లీలు ఒలుచుకుంటూ, పక్కింటి పంజాబీ ఆంటీ పంపిన ముల్లంగి పరాఠా వేళ్ళు కాలుతున్నా చింపుకుంటూ, పిట్ఠూ అనే ఏడుపెంకులాటలో రాళ్ళు పడగొట్టిందెవరో తేలక కొట్టుకుంటూ ఉండేవాళ్ళం. డీజిలు వాసనేసే యూనిఫాం విప్పి, స్వెట్టరు తొడుక్కుని, నాన్న స్టీలు గ్లాసులో క్యాంటీను రమ్ము పోసుకుని వేణ్ణీళ్ళు కలుపుకునేవాడు. నాకు జలుబు చేస్తే అందులోంచే రెండు చుక్కలు అరచేతిలో పోసుకుని నా ఛాతీకి రుద్దేవాడు.

"మీ నాన్న మందేసుకుంతన్నాడు, అల్లరి సెయ్యకు," అనేది అమ్మ. మందంటే మందే అనుకున్నాను. అనుకోనా మరి? పగలంతా నోరు విప్పని మనిషి ఆ గ్లాసు సగమయ్యేసరికి మా ఊరి సముద్రం గురించి, వాళ్ళమ్మ వండే ఎండుచేపల పులుసు గురించి చెప్పేవాడు, నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పాడేవాడు. మందేసుకున్న నాన్నే నాకు ఎక్కువిష్టం. ఆలస్యమైతే నేనే అడిగేదాన్ని, "నాన్నా, మందేసుకోలేదేటి?" అని. ఆయన పగలబడి నవ్వేవాడు.

స్కూల్లో ఒకరోజు మేడమ్ మీ నాన్న ఇంటికొచ్చి ఏం చేస్తారని హిందీలో అడిగితే, నాకొచ్చిన హిందీలో, "పాపా రోజ్ దవాయీ లేతే హైఁ," అని, నాన్న రోజూ మందు తీసుకుంటారని చెప్పేశాను. తర్వాతి పేరెంట్స్ మీటింగులో మేడమ్ అమ్మ చెయ్యి పట్టుకుని, "భాయీసాబ్‌కో క్యా బీమారీ హై?" అంది. ఆయనకేం జబ్బని అడిగేసరికి అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటికి రాగానే, "ఏటే, టీచరమ్మకి ఏటి సెప్పీసినావు?" అంటూ నన్ను నాన్న ముందు నిలబెట్టింది.

"నువ్వే కదమ్మా మందన్నావు!"

ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. "మందే కదేటి, తప్పేటుంది?" అన్నాడు నాన్న. ఇంటికి ఎవరొచ్చినా ఆ కథ చెప్పి నన్ను ఆటపట్టించేవాడు.

మొదట్లో అది చలికే. ఎండలొచ్చాక నడుంనొప్పికి అన్నాడు. ఊళ్ళో తన తమ్ముడు చనిపోయినప్పుడు సెలవు దొరక్క, ఆఖరి చూపుకి కూడా వెళ్ళలేక, ఆ తర్వాత నిద్రకోసం అన్నాడు. ఆపైన కారణాలు చెప్పడం మానేశాడు. పాటలు పోయాయి, సముద్రం పోయింది, కంచాలు గోడకి తగిలిన చప్పుళ్ళు మిగిలాయి. అమ్మ ముందు బతిమాలింది, తర్వాత తిట్టింది, తర్వాత మాట్లాడ్డం మానేసింది.

నా స్కూలు టై రోజూ నాన్నే కట్టేవాడు. ఒక పొద్దున ఆయన వేళ్ళు వణికి ముడి పడలేదు. మళ్ళీ ప్రయత్నించాడు, పడలేదు. నా మొహంలోకి చూడకుండా లోపలికెళ్ళి ఒక గుక్క తాగి వచ్చాడు. కాసేపటికి చేతులు నిలబడ్డాయి, ముడి చక్కగా పడింది. హమ్మయ్య, నాన్నకి నయమైంది అనుకుని నేను సంతోషించాను. గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మ అక్కడే చతికిలబడిపోయింది. అప్పటికి అది ఆయనకి నిజంగానే మందైపోయింది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నాన్న కళ్ళు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది. ఆసుపత్రిలో డాక్టరు అమ్మని పక్కకి పిలిచి, తాగకుండా ఉండలేకపోవడమే ఒక జబ్బమ్మా, ముందే తీసుకురావాల్సింది అన్నాడు. ఏ జబ్బని మేడమ్ అడిగిన రోజు మేం నవ్వుకున్నాం. నాన్న ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు.

ఇప్పుడు బొగ్గుల కుంపట్లు లేవు, పిట్ఠూ ఆడే పిల్లలూ లేరు. మా ఇంట్లోంచి ఒక మాట కూడా వెళ్ళిపోయింది. నాతోనే ఉంటున్న అమ్మ బీపీకి వేసుకునేవి గోళీలు, షుగరుకి వేసుకునేవి ట్యాబ్లెట్లు, నేను తెచ్చేది కెమిస్టు షాపు నుంచి. ఇన్నేళ్ళలో ఆమె నోట ఆ మాట మళ్ళీ వినలేదు.

నిన్న మా అమ్మాయి సిరప్ తాగి, మూతి తుడుచుకుంటూ, "నానీ, దవాయీకో తెలుగు మే క్యా బోల్తే హైఁ?" అని, దవాయీని తెలుగులో ఏమంటారని అమ్మమ్మని అడిగింది. దాని చేతిలోంచి చెంచా తీసుకుని, సీసా మూత గట్టిగా, ఇంకా గట్టిగా తిప్పుతూ అమ్మ అంది:

"దవాయే అంతారమ్మా."