మదనపల్లె మండీలో నా గుండె

మా ఇంట్లో టమోటా పండించేది మా ఆయన, అమ్మేది నేను. పుంగనూరు దగ్గర మా పల్లెలో ఇది అందరికీ తెలిసిన సంగతే. ఆయన మరీ మెత్తని మనిషి. మదనపల్లె మండీలో వేలంలో వ్యాపారి ఏ రేటు పాడినా తలూపి వచ్చేస్తాడు. అందుకని కాయలతో పాటు నన్నూ బండెక్కించేవాడు.

అలాంటి నాకు రెండేళ్ల కిందట గుండెపోటు వచ్చింది. ప్రాణం దక్కింది కానీ దమ్ము పోయింది. నాలుగు మాటలు గట్టిగా అంటే రొమ్ము పట్టేసేది, నాలుగడుగులేస్తే ఆయాసం. మండీలో ఒక వ్యాపారి ఈ సంగతి బాగా కనిపెట్టాడు. తక్కువ రేటు పాడి, నేను నోరు తెరిచేలోపు పక్క కుప్ప దగ్గరికి నడిచిపోయేవాడు. వెంటపడి అడిగే ఓపిక లేక టమోటా బాక్సు మీద కూలబడేదాన్ని. కాయలు ఆ రేటుకే పోయేవి. చావంటే నాకు భయం వేయలేదు గానీ, వాడి నవ్వు చూస్తే ఒళ్లు మండిపోయేది.

కుప్పంలో డాక్టరు పరీక్షలు చేసి, రక్తనాళాలు మరీ సన్నబడ్డాయి, స్టెంటు వేయలేం, బైపాసూ కుదరదన్నాడు. ఇంకా పరీక్షల దశలోనే ఉన్న ఒక మందు ఉందట. కొత్త రక్తనాళాలు పుట్టించే జన్యువును గుండె కండలోకి ఎక్కిస్తారట. పని చేయొచ్చు, చేయకపోవచ్చు, ఆలోచించుకుని చెప్పమన్నాడు.

జన్యువు అనగానే మా ఆయన ముఖం మారిపోయింది. కొత్తరకం విత్తనాలు వేసి దెబ్బ తిన్నవాడు కదా!

“సార్, విత్తనం మారిస్తే కాయ మారతాది. ఈమె గుణం గూడా మారతాదా?”

“మారదప్పా. ఈ మందు గుండెలో నాళాల కోసమే.”

“కోపం కొంచిమన్నా తగ్గదా సార్?”

డాక్టరు నవ్వు ఆపుకోలేకపోయాడు. నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే సరేనన్నాను.

డాక్టరు పంపిన బెంగళూరు ఆసుపత్రిలో తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం గుండెదాకా పంపి మందు ఎక్కించారు. ఇంటికొచ్చాక నెలలు గడిచినా తేడా ఏమీ తెలియలేదు. అంతా వృథా అనుకుని ఏడ్చాను కూడా. ఒకరోజు పైచేనులో ఉన్న మా ఆయన్ను అన్నానికి పిలిచి పిలిచి విసుగొచ్చి, తిట్టుకుంటూ మిట్టంతా ఎక్కేశాను. ఆయన పారతో సహా నిలబడిపోయాడు.

“యాల అట్ల సూస్తాండావు?”

“యాడా నిలబడకుండా వచ్చినావే!” అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. ఆనందం పట్టలేక అక్కడే కూర్చుని నవ్వాను. అన్నం సంగతి ఇద్దరమూ మరిచిపోయాం.

కుప్పంలో మళ్లీ స్కాన్ తీస్తే, ముందు రక్తం అందని చోటికి ఇప్పుడు అందుతోందన్నారు. డాక్టరు తెర మీద ఏవేవో చూపించాడు. “మండీకి పోవచ్చునా సార్?” అని మాత్రం అడిగాను. పోవచ్చన్నాడు.

తర్వాతి కోతకు మదనపల్లె వెళ్లాను. ఆ వ్యాపారి ఎప్పటిలాగే తక్కువ పాడి పక్కకు తిరిగాడు. నేను బాక్సు మీద కూర్చోలేదు.

“ఈ రేటుకు ఇచ్చేది లేదప్పా. ఇంకో మండీలో అమ్ముకుంటా,” అని గట్టిగా అనేసి, ఆ మార్కెట్టులోనే మిట్ట మీదున్న ఇంకో మండీవైపు గబగబా నడిచాను. మా కాయ ఎలాంటిదో వాడికి తెలుసు. వెనకనుంచి చెప్పుల చప్పుడు వినబడింది. నేను వేగం తగ్గించలేదు.

“అమ్మా, రేటు పెంచుతాను, నిలబడమ్మా! ఆయాసమొస్తాండాది!”

మిట్ట పూర్తిగా ఎక్కాకే వెనక్కి తిరిగాను. నా ఊపిరి నిదానంగా ఆడుతోంది.

“మెల్లగా రాప్పా,” అన్నాను. “నేను యాడికీ పోను.”